రంగస్థలమున విద్యుదయస్కాంత సామరస్యము



కొన్నియేండ్ల క్రిందట మా యూరి తిరునాళ్లలో హరిశ్చంద్ర నాటకము చూచుచుంటిని. కాటిసీనులో చీకటి తోచుటకై దీపముల వెలుగును సగమునకు తగ్గించిరి. ఆ క్షణముననే మైకులో ‘జుయ్’ మని రొద పుట్టి పద్యమును మింగివైచెను. జనులు మైకువానిని తిట్టిరి. అతడు తొందరపడి యంత్రపు ఎర్తు తీగను పీకబోయెను. నేను పరుగున పోయి వారించితిని. రొద యతని తప్పు కాదు. అతడు చేయబోయిన పని మాత్రము ప్రాణాపాయకరము.

కారణము వినుడు. మన యిండ్లకు వచ్చు విద్యుత్తు సెకనునకు 50 మారులు ముందువెనుకలకు ఊగును. వెలుగును తగ్గించు డిమ్మరు, ఊపునకు రెండేసి చొప్పున, సెకనునకు 100 మారులు ప్రవాహము నాపి తటాలున విడుచును. తూము తలుపు నొక్కపెట్టున నెత్తినచో గట్టుమీదివారిపైకిని నీరు చిందును గదా! అట్లే ఈ విద్యుత్తును ప్రక్క తీగలలోనికి చిందును. దీపపు తీగలో 230 వోల్టులు. మైకు పుట్టించునది వోల్టులో వెయ్యవ వంతులు. ఆ కొంచెపు చిందే మైకునకు వరద.

ఈ చిక్కునకు ఐరోపా దేశములు 1989లో చట్టము చేసినవి. 1996లో నాటకశాలల ధ్వని, దృశ్య, దీపనియంత్రణ యంత్రములకు ప్రత్యేక ప్రమాణము వెలువడెను. అందు రెండు భాగములు: యంత్రము పొరుగు యంత్రములను బాధింపరాదు, కొంత బాధను తానును ఓర్వవలెను. పిమ్మట వేరు ప్రమాణములు వచ్చినను ఈ రెండు విధులు మారలేదు. ఇది మన యిరుగుపొరుగు ధర్మమే. అందుకే మంచి డిమ్మరులో చోకు అను తీగచుట్ట యుండి ప్రవాహమును మెల్లగా లేవనిచ్చును. మంచి మైకు తీగలో పెనవేసిన రెండు తీగలు, పైన లోహపు తొడుగు నుండును. రెంటిలోను సమముగ జొరబడిన రొదను యంత్రము కొట్టివేయును.

నాటకము పెట్టించు పెద్దలు గమనింపవలసినవి స్వల్పమే. దీపపు తీగలు వేదిక కొక ప్రక్కను, మైకు తీగలు మరియొక ప్రక్కను నడపింపుడు. దాటక తప్పనిచోట అడ్డముగ దాటింపుడు, జతగ సాగనీయకుడు. ఎర్తును మాత్రము ఎన్నడును తీయనీయకుడు. యంత్రములో లోపము కలిగినపుడు విద్యుత్తును భూమిలోనికి మరలించునది యదియే. అది లేనిచో, లోహపు మైకును పట్టిన నటుని చేతికే విద్యుత్తు వచ్చును.

ఆ రాత్రి మైకు తీగను బారెడు దూరము జరిపితిమి. రొద చాలవరకు అణగెను. తరువాతి పద్యము కడపటి వరుసవారికిని వినబడినది.