పొత్తికడుపు నొప్పి - ధ్యానము

మేడ్చల్ చుట్టుప్రక్కల కూరగాయల మళ్లలో వంగి పనిచేయు స్త్రీలకును, శామీర్‌పేట దాపున తుర్కపల్లి మందుల కర్మాగారములలో గంటలకొలది నిలబడు యువతులకును, బస్సులో నిలబడి బడికి వచ్చు బాలికలకును పొత్తికడుపు నొప్పి క్రొత్త సంగతి కాదు. చెప్పుకొనుటకు సిగ్గుపడి ఓర్చుకొనుటయే అలవాటు. అట్టి నొప్పి ఆరు నెలలు దాటినచో వైద్యులు దానిని దీర్ఘకాలికముగా ఎంచెదరు.

ఋతుకాలమున గర్భాశయపు లోపొర ప్రోస్టాగ్లాండిన్లను విడుదల చేయును. వానివలన గర్భాశయ కండరము గట్టిగా ముడుచుకొని నొప్పి పుట్టును. సాధారణముగా ఇది రెండు మూడు దినములలో తగ్గును. కొందరిలో మాత్రము ఆ లోపొరను పోలిన కణజాలము గర్భాశయము వెలుపల పెరుగును. దీనికి ఎండోమెట్రియోసిస్ అని పేరు. నొప్పి మరల వచ్చునను భయముతో శరీరము కటిభాగపు అడుగు కండరములను బిగబట్టును; ఆ బిగువే మరియొక నొప్పి యగును. పదే పదే సంకేతములందుకొన్న వెన్నుపాము, మెదడు క్రమముగా సున్నితములై, చిన్న ఒత్తిడిని సైతము బాధగా గ్రహించును. పిట్టలను తోలుటకు చేలో కట్టిన డబ్బా, పిట్ట లేకున్నను గాలికే మ్రోగునట్లన్నమాట.

వెన్నుపాములో నొప్పి సంకేతములకు ద్వారము వంటిది కలదనియు, మెదడు దానిని కొంత మూయగలదనియు 1965లో మెల్జాక్, వాల్ అను శాస్త్రజ్ఞులు ప్రతిపాదించిరి. వివరములు పిమ్మట మారినను మూలభావము నిలిచినది. ధ్యానమునకు చోటు ఇచ్చటనే. 1979లో అమెరికాలో జాన్ కబాట్-జిన్ ఆరంభించిన శిక్షణలో దీర్ఘకాలపు నొప్పి గలవారికి ధ్యానము నేర్పిరి.

రోగి వెల్లకిల పరుండును. ఒకరు నెమ్మదిగా చెప్పుచుండగా పాదములు, పిక్కలు, తొడలు, పిమ్మట పొత్తికడుపు - ఇట్లు వరుసగా మనస్సు నిలుపును. నొప్పి గల చోటు వచ్చినపుడు దానిని తరిమివేయ యత్నింపరాదు. మంటయా, పోటా, లాగుటయా అని గమనించుచు ఊపిరిని మెల్లగా విడువవలెను. నిశ్వాసము దీర్ఘమైనకొలది గుండెవేగము తగ్గును. బిగిసిన కండరములు సడలును.

అయినను ధ్యానము వ్యాధిని మాన్పదు. నొప్పితోడి భయమును, బిగువును తగ్గించుటయే దాని పని. అదియు కొద్దిరోజులలో రాదు. ఇంగ్లండులో ఫోను ద్వారా ధ్యానము వినిపించిన ఒక పరీక్షలో పెక్కుమంది స్త్రీలు దానిని సరిగా వినకయే విడిచిరి. చెప్పుకోదగిన ఫలమును కనబడలేదు. హఠాత్తుగా తీవ్రమైన నొప్పి, జ్వరము, అధిక రక్తస్రావము, స్పృహ తప్పుట, గర్భముండవచ్చునను అనుమానము - వీనిలో ఏది యున్నను ధ్యానమునకు కూర్చుండరాదు. వెంటనే ఆసుపత్రికి పోవలెను.

ప్రతి నెలా బడి మానుచున్న బాలికకు ఉపాధ్యాయిని చెప్పదగినది ఒకటున్నది: నొప్పి వచ్చిన తేదీ, ఎన్ని దినములున్నది, 0 నుండి 10 వరకు ఎంత తీవ్రము అని నోటుపుస్తకములో వ్రాసికొనుమని. డాక్టరు మొదట అడుగు ప్రశ్నలు ఇవియే.