తెల్లవారుజామున చెరువు చూసినవాడికే చేప

జల్‌పల్లి: ఊరి పేరులోనే జలం ఉంది. హైదరాబాదుకు దక్షిణాన, పహాడీషరీఫ్‌కు దగ్గరలో ఉన్న ఈ ఊరికి పెద్ద చెరువే ఆనవాలు. ఇప్పుడు చుట్టూ కాలనీలు పెరిగాయి. మురుగు, చెత్త చెరువులో చేరుతున్నాయన్న ఫిర్యాదులు ఏళ్ల తరబడి వినవస్తున్నవే. ఇటువంటి నీటిలో చేప పిల్లలను వదిలితే ఎన్ని చేతికొస్తాయన్నది నగర శివారు మత్స్యకారులను వేధించే ప్రశ్న.

తెలంగాణలో మత్స్య సహకార సంఘంలో సభ్యత్వానికి నైపుణ్య పరీక్ష ఉంది. వల అల్లడం, వల విసరడం, ఈదడం వచ్చా అని చూస్తారు. బెస్త, ముదిరాజ్ కుటుంబాల్లో ఇవి చిన్ననాడే అబ్బే విద్యలు. చేపను పట్టడానికి ఇవి చాలు. చేపను పెంచడానికి మాత్రం మరికొంత నేర్వాలి.

పిల్ల దొరికిన దారి

ఒకప్పుడు చేప పిల్లల కోసం నదుల మీదే ఆధారపడేవారు. 1957 జులై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రజ్ఞుడు పిట్యూటరీ గ్రంథి రసాన్ని సూదిమందుగా ఇచ్చి, పెంపుడు చేపల చేత గుడ్లు పెట్టించారు. అందుకే జులై 10ని జాతీయ మత్స్య రైతుల దినంగా జరుపుతున్నారు. 2006లో హైదరాబాదు కేంద్రంగా జాతీయ మత్స్య అభివృద్ధి బోర్డు ఏర్పడింది. చేప ఆకారంలో కట్టిన దాని భవనం జల్‌పల్లికి దూరమేమీ కాదు. రైతుల శిక్షణకు ఈ బోర్డు నిధులు ఇస్తుంది.

తెలంగాణలో 2016లో చెరువులకు ఉచితంగా చేప పిల్లలు ఇచ్చే పథకం మొదలైంది. ఎండాకాలం ఎండే చెరువులకు 35-40 మిల్లీమీటర్ల పిల్లలు, ఏడాది పొడుగునా నీరుండే చెరువులకు 80-100 మిల్లీమీటర్ల పిల్లలు అని లెక్క. పాత నీరున్న చెరువులో కొర్రమీను, వాలుగ పొంచి ఉంటాయి. చిన్న పిల్లలను వదిలితే వాటికి మేతే.

నేర్వవలసినవి

బొచ్చె పైనీటిలో, రోహు నడిమి నీటిలో, మ్రిగాల అడుగున మేస్తాయి. మూడూ కలిపి వేస్తే ఒకదాని కూడు మరొకటి తినదు. సొంత కుంటలో ఎకరానికి సుమారు 2,000 పిల్లలు చాలు. ఆశకొద్దీ రెట్టింపు వేస్తే చేప ఎదగదు.

మేతగా తవుడు, వేరుశనగ చెక్క సమపాళ్లలో, చేపల బరువులో నూటికి రెండు మూడు పాళ్లు ఇవ్వాలి. పావు కిలో చేపలు 2,000 ఉంటే మొత్తం 500 కిలోలు. రోజుకు 10 కిలోల నుంచి 15 కిలోల మేత. అంతకు మించితే అడుగున కుళ్లుతుంది. మబ్బు పట్టిన రోజు మేత తగ్గించాలి.

మోచేతి వరకు చెయ్యి నీటిలో ముంచి చూడాలి. అరచెయ్యి కనబడకుండా నీరు చిక్కని పచ్చగా ఉంటే పేడ, మేత ఆపాలి. రాత్రంతా నాచు, చేప, బురద కలిసి ప్రాణవాయువును వాడేస్తాయి. అది అతి తక్కువగా ఉండేది తెల్లవారుజామునే. ఆ వేళ చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే ప్రమాదం ముంచుకొచ్చినట్టే. వెంటనే కొత్త నీరు పెట్టాలి, లేదా మోటారుతో నీటిని ఎగజిమ్మాలి. ఎండెక్కాక వెళ్లినవాడికి తేలిన చేపలే కనబడతాయి.

కోడి వ్యర్థాలు మేపి ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పెంచడం కొందరికి సులువుగా తోస్తుంది. దాని పెంపకాన్ని కేంద్రం 2000లోనే నిషేధించింది. అది చెరువులో పడితే మన చేపలను మింగేస్తుంది. నీరూ చెడుతుంది.

మురుగు ఆపేదెవరు?

ఎంత నేర్చినా మత్స్యకారుడి చేతిలో లేనిది ఒకటుంది. తొలకరి వాన పడగానే కాల్వల్లో నిలిచిన మురుగంతా ఒక్కసారిగా చెరువులో పడుతుంది. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు ప్రాణవాయువును లాగేస్తాయి. ఏడాది కష్టం ఒక్క రాత్రిలో పోతుంది. గుర్రపుడెక్క కమ్మితే ఎండ కూడా నీటికి అందదు.

అందుకే శిక్షణ గదుల్లో కాక చెరువు గట్టునే, పిల్లలు వదలడానికి ముందే జరగాలి. ఆ రోజున మత్స్యశాఖ వారితో పాటు మురుగు కాల్వల బాధ్యత ఉన్న అధికారులు కూడా గట్టు మీద నిలబడవలసిన అవసరం ఎంతైనా ఉంది.