ఎయిర్ ఫ్రయర్‌లో చురోస్: నూనె తగ్గింది, మరి చక్కెర?

మాది నిజామాబాద్ జిల్లా మెండోర. దసరా సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు, అక్క కొత్తగా కొన్న ఎయిర్ ఫ్రయర్‌లో చురోస్ చేద్దామని డిసైడ్ అయ్యాను. చురోస్ అంటే స్పెయిన్ వాళ్ళ తీపి మురుకులు అనుకోండి. మైదా పిండిని నక్షత్రం బిళ్ళలోంచి పొడుగ్గా ఒత్తి, నూనెలో వేయించి, చక్కెర అద్ది, చిక్కటి చాక్లెట్‌లో ముంచుకొని తింటారు.

మొదటిసారి కట్టెల్లా వచ్చాయి. నానమ్మ ఒకటి కొరికి, "ఇది తినేదా, పొయ్యిల పెట్టేదా బిడ్డా?" అంది.

తప్పు ఎక్కడుందో వెతికితే అర్థమైంది. ఎయిర్ ఫ్రయర్ అంటే ఫ్యాన్ ఉన్న చిన్న ఓవెన్, అంతే. నూనె వేడిని పిండికి చాలా త్వరగా అందిస్తుంది, గాలి మెల్లగా అందిస్తుంది. ఆ లోపు పైన ఎండిపోతుంది. కాబట్టి తేలికదనం మెషిన్ ఇవ్వదు, పిండే ఇవ్వాలి.

రెండోసారి ఇలా చేశాను. ఒక కప్పు నీళ్ళలో 2 చెంచాల వెన్న, చిటికెడు ఉప్పు వేసి మరిగించి, ఒక కప్పు మైదా ఒకేసారి పోసి, ముద్ద గిన్నెని వదిలేదాకా కలిపాను. వేడినీళ్ళకి పిండిలోని స్టార్చ్ ఉబ్బి, నీటిని పట్టి ఉంచుతుంది. ఆ నీరే తర్వాత ఆవిరై లోపల గుల్ల చేస్తుంది. ముద్ద గోరువెచ్చగా అయ్యాక ఒక గుడ్డు కలపాలి. తొందరపడితే గుడ్డు ఉడికి ముక్కలవుతుంది.

మురుకుల గొట్టంలో నక్షత్రం బిళ్ళ వేసి బటర్ పేపర్ మీద ఒత్తి, అరగంట ఫ్రీజర్‌లో పెడితే షేప్ చెదరదు. పైన కొద్దిగా నూనె రాసి, ఒకదానికొకటి తగలకుండా పేర్చి, 190 డిగ్రీల దగ్గర 10 నుంచి 12 నిమిషాలు.

ఆ నక్షత్రం అందానికే కాదు. గాడుల వల్ల పిండి సమంగా ఉడుకుతుంది, ఆవిరి లోపలే ఇరుక్కోదు. ఇరుక్కుంటే పేలుతుంది. చిలీలో ఒక దినపత్రిక 2004లో వేసిన చురోస్ రెసిపీలో నూనె వేడి మరీ ఎక్కువ చెప్పారు. చేసినవాళ్ళ మీద మరిగే నూనె చిమ్మి కాలిన గాయాలయ్యాయి. 2011లో అక్కడి సుప్రీంకోర్టు 13 మందికి నష్టపరిహారం ఇప్పించింది. ఎయిర్ ఫ్రయర్‌లో కనీసం ఆ భయం లేదు.

సాస్‌కి 2 చెంచాల కోకో, ఒక చెంచా చక్కెర, అర చెంచా కార్న్‌ఫ్లోర్‌ని చల్లటి పాలలో ఉండలు లేకుండా కలిపి, సన్నటి మంట మీద చిక్కబడేదాకా తిప్పితే చాలు.

ఈసారి కరకరలాడాయి. నానమ్మ రెండు తిని మూడోదానికి చెయ్యి చాపింది. "నూనె లేదన్నవ్ కదా, ఏమైతది?"

అక్కడ ఆగాను. నానమ్మకి షుగర్ ఉంది. పెద్ద చెంచాడు నూనె తగ్గితే సుమారు 120 కేలరీలు తగ్గుతాయి, నిజమే. కానీ మైదా అలాగే ఉంది, అది కూడా ఒంట్లోకి వెళ్ళి గ్లూకోజే అవుతుంది. పైన అద్దిన చక్కెర సరేసరి. "నూనె లేదు" అన్న నా మాట వినే ఆమె ధైర్యంగా తింటోంది. సగం నిజం చెప్పింది నేనే.

మొత్తం విప్పి చెప్పాను. నానమ్మ తల్లిగారు బోధన్ దిక్కు. నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015లో మూతపడక ముందు, చెరుకు బండ్ల వరసలు చూస్తూ పెరిగిన మనిషి. "చక్కెర ఊరోళ్ళకే చక్కెర లెక్క చెప్తున్నవా?" అని నవ్వి, మూడోది నా ప్లేట్‌లో పెట్టింది.

ఇప్పుడు ఆమెకి చక్కెర అద్దకుండా, దాల్చినచెక్క పొడి మాత్రమే చల్లి, చిన్నది ఒక్కటే ఇస్తాను. మీ ఇంట్లో షుగర్ ఉన్నవాళ్ళుంటే, వడ్డించే ముందు నూనె గురించే కాదు, మిగతాది కూడా చెప్పండి.