ఖైదీ అర్జీ ఏ గుమ్మం ఎక్కాలి?

శిక్ష పడినవాడు జైలుకు పోతాడు. కాగితాలు పట్టుకుని తిరగడం ఇంటివాళ్ల వంతు. కలెక్టరాఫీసు, ఎమ్మెల్యే గారి ఇల్లు తిరిగి, చివరికి శిక్ష వేసిన జడ్జి గారికే "మావాణ్ణి వదలండయ్యా" అని అర్జీ పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. తీర్పు మీద సంతకం చేశాక రాతపొరపాట్లు దిద్దడం తప్ప దాన్ని మార్చే అధికారం ఆ జడ్జికి ఉండదు.

తీర్పే తప్పనుకుంటే అప్పీలు చేసుకోవాలి. మేజిస్ట్రేటు వేసిన శిక్షపై మామూలుగా 30 రోజుల్లో సెషన్స్ కోర్టుకు, సెషన్స్ కోర్టు వేసిన శిక్షపై 60 రోజుల్లో హైకోర్టుకు వెళ్లాలి. ఉరిశిక్షకైతే 30 రోజులే. మన హైకోర్టు 2019 జనవరి 1 నుంచి అమరావతిలో ఉంది. హైదరాబాదులో ఉన్నది తెలంగాణది. ప్లీడరుకు డబ్బు లేదని గడువు దాటనివ్వకూడదు. ఖైదీ అప్పీలు కాగితం జైలు సూపరింటెండెంటుకు ఇస్తే ఆయనే కోర్టుకు పంపాలి. తీర్పు నకలు ఖైదీకి ఉచితం. జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడిగితే ప్లీడరునూ ఉచితంగానే పెడతారు. జైల్లో ఉన్నవాడికి ఆదాయం ఎంతని లెక్క చూడరు.

శిక్ష తగ్గించి ముందుగా వదలమని అడగడం వేరే దారి. అది ప్రభుత్వం చేతిలోని పని. ఏ ప్రభుత్వం అన్న దగ్గరే చాలామంది దారి తప్పుతున్నారు. మన అనంతపురం మనిషికి బళ్లారి కోర్టు యావజ్జీవం వేసిందనుకుందాం. తర్వాత అతన్ని ఇటు జైలుకు మార్చినా, ఊరు ఇక్కడే ఉన్నా, అర్జీ తేల్చవలసింది కర్ణాటక ప్రభుత్వమే. అప్పీలు కూడా ఆ హైకోర్టు ధార్వాడ బెంచికే పోవాలి. మధ్యప్రదేశ్‌లో శిక్షపడి పంజాబ్ జైలుకు మారిన ఖైదీ విషయంలో సుప్రీం కోర్టు 1976లోనే ఈ మాట చెప్పింది.

అయినా గుజరాత్‌లో ఏం జరిగిందో చూడండి. బిల్కిస్ బానో కేసులో నేరం 2002లో అక్కడే జరిగినా, విచారణను సుప్రీం కోర్టు ముంబయికి మార్చింది. శిక్షలు అక్కడే పడ్డాయి. 2022 ఆగస్టు 15న గుజరాత్ ప్రభుత్వం 11 మందిని వదిలేసింది. ఆ అధికారం మహారాష్ట్రదే అంటూ 2024 జనవరి 8న సుప్రీం కోర్టు విడుదలను కొట్టేసి, రెండు వారాల్లో తిరిగి జైలుకు పొమ్మంది.

యావజ్జీవమంటే 14 ఏళ్లేనని రచ్చబండ దగ్గర చెప్పేవాళ్ల మాట నమ్మవద్దు. జీవితాంతమని సుప్రీం కోర్టు 1961లోనే తేల్చింది. హత్యలాంటి కేసుల్లో 14 ఏళ్లు నిండితే ప్రభుత్వం పరిశీలించవచ్చు, అంతే.

అర్హత వచ్చిన ఖైదీ పేరును, విధానం ఉన్నచోట, అర్జీ పెట్టకపోయినా పరిశీలించాలని 2025 ఫిబ్రవరి 18న సుప్రీం కోర్టు ఆదేశించింది. కాదంటే కారణం రాసి ఖైదీకి తెలపాలి. ఆ కాగితం చేతికొస్తే దాచుకోండి. శిక్షపడిన రాష్ట్రపు హైకోర్టులో సవాలు చేయడానికి అదే ఆధారం.