టంకం కడ్డీ పట్టిన డూంగర్‌పూర్ ఆడపడుచులు

కిరసనాయిలు బుడ్డి ముందు కూచుని చదువుకున్నవాళ్లు మన పల్లెల్లో ఇంకా చాలామందే వున్నారు. పొగకు కళ్లు మండటం, తెల్లవారి ముక్కుల్లో మసి, గాలికి బుడ్డి ఒరిగితే గుడిసె అంటుకుంటుందన్న భయం వారికి ఎవరూ చెప్పనక్కరలేదు.

రాజస్థాన్ దక్షిణ కొసన, గుజరాత్ సరిహద్దులో, ఆరావళి కొండల నడుమ వున్న డూంగర్‌పూర్ జిల్లాలో ఈ బాధ మొన్నమొన్నటి దాకా వుంది. అక్కడ ఎక్కువమంది భిల్లులు. కొండ భూమి, వానను నమ్ముకున్న సేద్యం. మగవాళ్లు కూలికి గుజరాత్ పట్టణాలకు వలసపోతే ఇంటి దగ్గర మిగిలేది ఆడవాళ్లూ, పిల్లలూ, ముసలివాళ్లూ.

అటువంటి చోట 2016 ప్రాంతంలో బొంబాయి ఐ.ఐ.టి. వారు, ఆ రాష్ట్ర ప్రభుత్వ జీవనోపాధి సంస్థ ‘రాజీవిక’ కలిసి, పొదుపు సంఘాల గిరిజన మహిళలకు సోలార్ దీపాల తయారీ నేర్పారు. ఎక్కడో ఫ్యాక్టరీలో చేయించి లారీలో తెచ్చి పంచవచ్చు. కానీ అలా పంచినవాటి గతి మనకు తెలియనిది కాదు. తీగ ఊడితే బాగుచేసే నాథుడు వుండడు, ఏడాది తిరక్కుండా దీపం అటకెక్కుతుంది. అందుకని అక్కడికి విడిభాగాలే తెప్పించారు. సర్క్యూట్ బోర్డుకు టంకం వేయడం, బ్యాటరీ అమర్చడం, చిన్న ఎల్.ఇ.డి. బల్బు వెలుగుతుందో లేదో చూడటం, బడిపిల్లలకు అమ్మడం, పాడైతే బాగుచేయడం, అన్నీ ఆ మహిళల చేతుల మీదుగానే. పగలంతా ప్యానెల్ ఎండలో పెడితే రాత్రికి పిల్ల చదువుకు సరిపడా వెలుతురు.

ఉచితంగా ఇవ్వకూడదన్నది ముందునుంచీ వున్న పట్టుదల. 2014లో ఐ.ఐ.టి. మొదలుపెట్టిన పది లక్షల దీపాల పథకంలోనూ ప్రతి విద్యార్థి 120 రూపాయలు కట్టవలసిందే. మిగతా ఖర్చు సహాయ నిధుల నుంచి వచ్చింది.

అక్షరం రాని ఆడవాళ్లకు ఇదంతా పట్టుబడుతుందా అన్న సందేహానికి జవాబు అదే రాష్ట్రంలో, అజ్మీర్ జిల్లా తిలోనియాలో ఏనాడో దొరికింది. 1972లో బంకర్ రాయ్ అక్కడ స్థాపించిన సంస్థకు తర్వాత బేర్‌ఫుట్ కాలేజీ అని పేరు వచ్చింది. ఆఫ్రికా పల్లెల నుంచి వచ్చిన అమ్మమ్మలకు సైతం అది ఆరు నెలల్లో సోలార్ పని నేర్పింది. వారికి హిందీ రాదు, నేర్పేవారికి వారి మాట రాదు. తీగల రంగులు, చేతి సైగలు, చేసి చూపడం, ఇవే పాఠాలు. మగవాళ్లకు నేర్పితే సర్టిఫికెట్ పుచ్చుకుని పట్నం పోతారు, అమ్మమ్మ ఊరు విడవదు అన్నది రాయ్ వాదం. కాదనలేం గదా! ఆమె కష్టానికి డబ్బు ఊరే ఇవ్వాలి. కిరసనాయిలుకూ, కొవ్వొత్తులకూ, టార్చి బ్యాటరీలకూ ఇంటికి నెలకెంత అవుతుందో చూసి, ఆ మేరకు రుసుము కడతారు.

మళ్లీ డూంగర్‌పూర్‌కు వస్తే, అక్కడి మహిళలకు అసలు పరీక్ష కరెంటు రూపంలో వచ్చింది. ఇంటింటికీ విద్యుత్తు ఇస్తామంటూ 2017 సెప్టెంబరులో కేంద్రం సౌభాగ్య పథకం ప్రారంభించింది. మంచిదే. కానీ తీగ వచ్చిన ఇంట్లో చదువు దీపం ఎవరు కొంటారు? నేర్చిన చేయి ఖాళీగా కూర్చోవాలా?

ఆ మహిళలే యజమానులుగా ఒక ప్రైవేటు కంపెనీ ఏర్పడింది. నోరు తిరగని ఇంగ్లీషు పేరు కుదించి ‘దుర్గా’ అన్నారు. దీపాలతో ఆగక అది సోలార్ ప్యానెళ్ల తయారీకే దిగింది. ఇది టంకం వేసినంత తేలిక కాదు. పెళుసైన సిలికాన్ బిళ్లలను వరసగా తీగతో కలిపి, గాజుకూ వెనక పొరకూ మధ్య పేర్చి, వేడిమీద అతికించాలి. బిళ్ల చిట్లితే నష్టమే. యంత్రాలకు పెట్టుబడి కావాలి. పైగా దీపాలు కొన్నది చుట్టుపట్ల ఊళ్ల పిల్లలు. ప్యానెల్ కొనేవాడు దూరాన వుంటాడు, పెద్ద ఫ్యాక్టరీ ధర చేతిలో పెట్టుకుని బేరానికి వస్తాడు.