ఏరు దాటితే వేరే రాజ్యం

మ్యూనిక్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లు ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే మొదట చూపించేది ఫ్యూసెన్ దగ్గరి నోయ్‌ష్వాన్‌స్టైన్ కోట. ఆ తరువాత బెర్క్‌టెస్‌గాడెన్ దగ్గరి కోనిగ్‌సే సరస్సు. రెండూ చూడదగ్గవే. కానీ వచ్చినవాళ్లు గోదావరి వాళ్లయితే, అందులోనూ కోనసీమ వాళ్లయితే, ఒక పూట లౌఫెన్‌కి కూడా తీసుకెళ్లండి. ఆస్ట్రియా సరిహద్దు మీద, సాల్జాక్ నది ఒడ్డున ఉన్న చిన్న ఊరది. సాల్జ్‌బర్గ్ వెళ్లే రైల్లో ఫ్రైలాసింగ్ దాకా వెళ్లి, అక్కడ మ్యూల్‌డార్ఫ్ వైపు పోయే బండి ఎక్కితే కాసేపట్లో దిగిపోతాం. దక్షిణాన ఆల్ప్స్ కొండలు వరసగా కనబడుతూనే ఉంటాయి గానీ, ఊరి బతుకంతా ఏటితోనే ముడిపడింది.

సాల్జాక్ అక్కడ గట్టి మలుపు తిరుగుతుంది. ఆ మలుపు కడుపులో ఊరు. మూడు వైపులా నీళ్లే. ఎత్తయిన పాత ఇళ్లు, సన్నటి సందులు, ఒక చివర 14వ శతాబ్దంలో కట్టిన పెద్ద చర్చి. ఏ సందు పట్టుకుని నడిచినా చివరికి గట్టు మీదే తేలతాం. నీళ్లు మంచు కరిగి వచ్చినవి. బూడిద కలిపినట్టున్న లేత ఆకుపచ్చ రంగు. మండు వేసవిలో చెయ్యి పెట్టినా జివ్వుమంటుంది. ఏటి మీద 1903లో కట్టిన ఇనప వంతెన ఉంది. దాని రెండు చివరలా రెండు రాజ్యాల చిహ్నాలు పెట్టారు. అవతలి వైపు ఆస్ట్రియా చక్రవర్తుల రెండు తలల గద్ద ఇప్పటికీ అలాగే ఉంది. చక్రవర్తులు పోయి నూరేళ్లు దాటింది. ఆ గద్ద కిందనుంచే పిల్లలు బడికి, పెద్దలు పనికి పోతుంటారు. వంతెన దాటితే ఓబర్న్‌డార్ఫ్. అది ఆస్ట్రియా.

ఒకప్పుడు ఆ రెండూ ఒకటే ఊరు. ఈ సంగతి తెలిశాకే నాకు లౌఫెన్ మీద మనసు పడింది. హాలైన్ కొండల్లో తవ్విన ఉప్పు పడవల మీద సాల్జాక్ లోంచి ఇన్ నదిలోకి, అక్కణ్ణుంచి పస్సావు దగ్గర డాన్యూబులోకి పోయేది. లౌఫెన్ దగ్గర మలుపు, సుడులు, రాళ్లు. ఆ చోటు తెలిసిన పడవవాళ్లు లేకపోతే సరుకు గట్టెక్కేది కాదు. అందుకని పడవవాళ్లకి అక్కడ వందల ఏళ్లపాటు హక్కులుండేవి, గౌరవం ఉండేది. చలికాలంలో ఏరు ఖాళీ. పని లేని ఆ నెలల్లో పడవవాళ్లే వేషాలు కట్టి నాటకాలాడి పొట్ట పోసుకునేవారు. సంత, కోర్టు, పెద్ద చర్చి ఎడమ గట్టున లౌఫెన్‌లో. పడవవాళ్ల ఇళ్లు ఎక్కువగా కుడి గట్టున ఓబర్న్‌డార్ఫ్‌లో. మొత్తం సాల్జ్‌బర్గ్ ఆర్చిబిషప్పుల ఏలుబడిలో ఉండేది.

నెపోలియన్ వచ్చి ఆ ప్రాంతాన్ని బవేరియా చేతికిచ్చాడు. నెపోలియన్ పడిపోయాక రాజులు కూర్చుని పటాలు మళ్లీ గీశారు. 1816 ఏప్రిల్‌లో మ్యూనిక్‌లో ఒప్పందం రాసుకున్నారు. సాల్జ్‌బర్గ్ ఆస్ట్రియాకి, సాల్జాక్ ఎడమ గట్టు బవేరియాకి. హద్దు ఎక్కడంటే నది. రాసినవాళ్లకి అది పటం మీద సుళువుగా కనబడిన గీత. ఊళ్లో మాత్రం చావుకి పెళ్లికి వెళ్లే చర్చి ఒక దేశంలో, ఇల్లు ఇంకో దేశంలో అయిపోయాయి. ఓబర్న్‌డార్ఫ్‌లో ఉన్న సెయింట్ నికోలస్ చర్చి అంతకుముందు లౌఫెన్ పెద్ద చర్చి కింద ఉండేది. అది ఇప్పుడు విడిగా తన కాళ్ల మీద నిలబడాల్సి వచ్చింది. అలా వేరుపడి, బీదరికంలో పడ్డ ఆ చిన్న చర్చికే యోసెఫ్ మోర్ అనే యువ ఫాదరు వచ్చాడు. 1816లో తాను రాసి పెట్టుకున్న ఒక గీతాన్ని పొరుగూరి బడిపంతులు ఫ్రాన్జ్ గ్రూబర్‌కి ఇచ్చి బాణీ కట్టమన్నాడు. 1818 డిసెంబరు 24 రాత్రి ఇద్దరూ కలిసి గిటారు మీద పాడారు. సైలెంట్ నైట్ అని లోకమంతా పాడుకునే పాట అదే.

ఆ పాట తెలుగులో నేను మొదట విన్నది మా ఊరి చర్చిలో. 1836లో నర్సాపురం వైపు మొదలైన గోదావరి డెల్టా మిషన్ కాలం నుంచీ మా కోనసీమ పేటల్లో చర్చిలు ఉన్నాయి. క్రిస్మసు ముందురాత్రి కొబ్బరితోట పక్కన, పెట్రోమాక్సు లైటు వెలుగులో, హార్మోనియం మీద ఆ పాట పాడేవారు. పాడినవాళ్లలో ఎవరికీ అది ఇలాంటి ఏటి గట్టున, ఊరు రెండుగా చీలిన బెంగ ఇంకా తీరని జనం మధ్య పుట్టిందని తెలిసి ఉండదు. తెలిస్తే ఇంకా ఆప్యాయంగా పాడేవారేమో. ఎందుకంటే మాకూ అలాంటి ఊరు ఎదురుగానే ఉంది.

గౌతమి పాయకి ఇవతల ఎదుర్లంక, అవతల యానాం. 1723లో ఫ్రెంచివాళ్లు మొదటిసారి అక్కడ దిగారు. ఆ తరువాతి కాలంలో యానాం ఫ్రెంచివాళ్లకీ ఇంగ్లీషువాళ్లకీ మధ్య చేతులు మారుతూనే ఉంది. చివరికి దాని గతిని తేల్చింది కూడా నెపోలియన్ ఓటమే. 1814 పారిస్ ఒప్పందం ఇండియాలోని స్థావరాలను ఫ్రాన్సుకి తిరిగి ఇమ్మంది. కోటలు మాత్రం కట్టకూడదు, పోలీసు పనికి సరిపడా మందిని తప్ప సైన్యాన్ని పెట్టకూడదు. 1816 డిసెంబరులో పుదుచ్చేరి, ఆ వెనకే యానాం ఫ్రెంచివాళ్ల చేతికొచ్చాయి. సాల్జాక్ ఒడ్డున ఒక ఊరిని రెండు చేసిన ఆ సర్దుబాటే, రెండేళ్లు అటూ ఇటూగా, గౌతమి ఒడ్డున 30 చదరపు కిలోమీటర్ల తెలుగు నేలను పరాయి రాజ్యంగా నిలబెట్టింది. యూరపులో బతుకుతున్న కోనసీమవాళ్లం ఈ రెండు గట్లనూ ఒకేసారి మనసులో పెట్టుకోగలం. అది మనకి దక్కిన భాగ్యమని నేను నమ్ముతాను.

మా నాయనమ్మ పెళ్లి యానాంలోనే జరిగింది. 1930ల్లో. అప్పటికి ఆవిడకి ఏడేళ్లు నిండలేదు. శారదా చట్టం 1930 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆడపిల్లకి 14, మగపిల్లాడికి 18 నిండకుండా పెళ్లి చేస్తే నేరం. ఆ చట్టం గౌతమి ఇవతలి గట్టు దాకానే. ఏరు దాటితే ఫ్రెంచి చట్టం. దాంతో చుట్టుపక్కల ఊళ్లవాళ్లు పురోహితుణ్ణి, మేళాన్ని, వంటవాళ్లని పడవల్లో ఎక్కించుకుని యానాం పోయి పెళ్లిళ్లు చేసుకొచ్చేవారు. యానానికి కల్యాణపురమన్న పేరు పడింది అందుకే. నాయనమ్మకి పెళ్లి మంత్రాలు గుర్తు లేవు, పెళ్లికొడుకూ గుర్తు లేడు. రేవులో బురద గుర్తుంది. కాళ్ల పారాణి పోతుందని మేనమామ భుజం మీద ఎక్కించుకుని పడవలోంచి దించాడట. గట్టు మీద ఎర్రటోపీ పెట్టుకున్న పోలీసు నిలబడి చూస్తున్నాడట. ఆ టోపీ చూసి భయపడి ఏడిస్తే, ఆయనే నవ్వి పక్కకి తప్పుకున్నాడట. బళ్లో రెండో తరగతి చదువుతున్న పిల్ల మళ్లీ బడి మొహం చూడలేదు. పెద్దయ్యాక పేపరు చదవడం తనంతట తానే నేర్చుకుంది. యానాం పేరెత్తితే ఆవిడ మొహం ముడుచుకునేది. సరిహద్దు ఊళ్ల గురించి చెప్పేటప్పుడు మనం సంతలూ సరదాలే చెప్పుకుంటాం. ఆ హద్దుని అడ్డం పెట్టుకుని చిన్నపిల్లల మెళ్లో తాళి కట్టించిన సంగతీ చెప్పాలి. నేను చెబుతున్నాను.

సంతకీ చెప్పాల్సినంత ఉంది. మంగళవారం యానాం సంతకి కోనసీమ నుంచి కూరగాయలు, కొబ్బరికాయలు, కోళ్లు వెళ్లేవి. తిరుగు పడవలో అత్తరు సీసాలు, సీమ బట్ట, గడియారాలు వచ్చేవి. ఇవతల గట్టున సుంకంవాళ్ల కళ్లు కప్పి కొన్ని, చెల్లించి కొన్ని. లౌఫెన్‌లోనూ అంతే. ఇప్పటికీ బవేరియా వాళ్లు పెట్రోలు చవకని వంతెన దాటి ఆస్ట్రియాలో ట్యాంకు నింపుకొస్తారు. ఆస్ట్రియా వాళ్లు సరుకులు చవకని ఇవతలికి వస్తారు. యానాంలో పన్ను తక్కువ కాబట్టి మన కుర్రాళ్లు ఎదుర్లంక వంతెన మీదుగా బండేసుకుని పోయి పెట్రోలు పోయించుకొస్తారు. మందు సంగతి సరేసరి. దానివల్ల కూలిన కొంపలు మా ఊళ్లోనే ఉన్నాయి, ఆ లెక్క వేరే రాయాలి.

1954 జూన్ 13న యానాం ఫ్రెంచి పాలన నుంచి బయటపడింది. ఆ పోరాటంలో ముందు నిలిచిన దడాల రఫేల్ రమణయ్య యానాం ఫరంపేటలో పుట్టినవాడు, ఒకప్పుడు ఫ్రెంచి పోలీసు ఉద్యోగి. అదే ఏడాది నవంబరు 1న ఫ్రెంచి స్థావరాల పరిపాలన మన ప్రభుత్వానికి అప్పగించారు. చట్టప్రకారం పూర్తి విలీనం 1962 ఆగస్టు 16న జరిగింది. రాజ్యం మారింది గానీ గీత చెరగలేదు. యానాం పుదుచ్చేరిలో భాగమైంది. 800 కిలోమీటర్లకి పైన ఉన్న అసెంబ్లీకి ఒక ఎమ్మెల్యేని పంపుతుంది. బళ్ల నంబరు పీవై 04తో మొదలవుతుంది. మాట మాత్రం అచ్చంగా మా ఎదుర్లంక మాటే, అదే యాస, అదే సాగదీత.

నా చిన్నప్పుడు వంతెన లేదు. ఏరు దాటించే పంటు ఉండేది. బస్సు దిగి, గట్టు దిగి, చెక్క మీద నడిచి పంటు ఎక్కాలి. ముందు సైకిళ్లు, పక్కన మేకలు, చివర్న పెళ్లివారి సామాను. వరద రోజుల్లో గౌతమి ఎర్రగా పొంగి, పంటు నేరుగా పోలేక ఎగువకి పోయి వాలుకి జారుతూ అవతలి రేవు అందుకునేది. పొద్దుగూకితే పంటు ఆగిపోయేది. పురిటి నొప్పులు వచ్చినవాళ్లు, పాము కరిచినవాళ్లు తెల్లారే దాకా గట్టు మీద కూర్చోవాల్సిందే. జి.ఎం.సి. బాలయోగి ఎదుర్లంకలోనే పుట్టారు. 1998లో లోక్‌సభ స్పీకరయ్యారు, 2002 మార్చి 3న హెలికాప్టరు ప్రమాదంలో పోయారు. ఇప్పుడు ఎదుర్లంకనీ యానాన్నీ కలిపే వంతెనకి ఆయన పేరే. పుట్టిన ఊరి నుంచి మొదలయ్యే వంతెనకి పేరు దక్కడం అరుదు. అది దాటుతున్నప్పుడల్లా నాకు గట్టు మీద తెల్లారే దాకా కూర్చున్నవాళ్లు గుర్తొస్తారు.

ఏటికి ఈ గీతలేవీ తెలియవు. ఓబర్న్‌డార్ఫ్‌లో వరదలు పదేపదే వచ్చి ఆ సెయింట్ నికోలస్ చర్చిని దెబ్బతీస్తే, ఊరినే కొంత ఎగువకి జరిపి కట్టుకున్నారు. పాత చర్చి పడగొట్టి, ఆ చోట చిన్న గుడిలాంటి స్మారక మందిరం కట్టారు. క్రిస్మసుకి జనం వచ్చేది దాని దగ్గరికే. మనకి 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు 6 తుపాను, 2022 జులై వరద. ఆ తుపాను రాత్రి కోనసీమలో కొబ్బరిచెట్లు మొదలంటా కూలాయి, యానాంలో ఇళ్లు లేచిపోయాయి. మర్నాడు గౌతమిలో కొట్టుకొచ్చిన పశువుల కళేబరాలు ఏ రాష్ట్రానివో ఎవరూ అడగలేదు. 2020లో మాత్రం అడిగారు. కోవిడ్ రోజుల్లో యానాం పొలిమేరల్లో అడ్డుకట్టలు వేశారు. ఇక్కడ జర్మనీ ఆస్ట్రియా సరిహద్దూ మూసేశారు. రోజూ దాటే దారి ఒకరి అనుమతి మీద ఆధారపడిందని ఆ రెండు గట్లవాళ్లకీ అప్పుడే గట్టిగా తెలిసొచ్చింది. లౌఫెన్ వెళ్లేవాళ్లు పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు జేబులో పెట్టుకోండి. 2015 సెప్టెంబరులో ఆస్ట్రియా సరిహద్దు మీద జర్మనీ మళ్లీ తనిఖీలు మొదలుపెట్టింది.

లౌఫెన్ వాళ్లు తమ పడవవాళ్ల కబుర్లు రాసి పెట్టుకున్నారు. పడవలెలా కట్టేవారో, ఎవరు ఏ పాట పాడేవారో, ఏ ఏడు ఏ గట్టు తెగిందో ఊళ్లో అడిగితే చెప్తారు. మన పంటు సరంగుల కబుర్లు ఎవరు రాశారు? యానాంలో పెళ్లయిన ఆడపిల్లల్లో ఇప్పుడు బతికున్నవాళ్లు బహుశా వేళ్ల మీద లెక్క. మంగళవారం సంతకి తట్ట ఎత్తుకుని పోయినవాళ్లకి ఎనభై దాటాయి. ఎదుర్లంక, మురమళ్ల, ఐ.పోలవరం, ముమ్మిడివరం, యానాం, ఈ ఊళ్లతో చుట్టరికం ఉన్న మన సంఘం సభ్యులందరికీ నా మనవి ఒకటే. ఈ సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు ఫోను రికార్డింగులో పెట్టి మీ అమ్మమ్మనో పెద్దనాన్ననో పంటు గురించి అడగండి. రేవు ఎక్కడుండేది, టికెట్టు ఎంత, సరంగు పేరేమిటి, రాత్రి రేవులో ఎవరు చనిపోయారు, ఎవరు పుట్టారు. పేరు, ఊరు, ఏడాది రాసి పంపితే సంఘం తెచ్చే తరువాతి సావనీర్‌లో ఆ పేజీలన్నీ కూర్చే పని నేను చేస్తాను.