మేడిపల్లి వారి ఇల్లు

తెలుగువారి పేరు ఇంటితో మొదలవుతుంది. ముందు ఇంటిపేరు, ఆ తరువాతే సొంత పేరు. బడి రిజిస్టరులో, రేషన్ కార్డులో, పెళ్లి పత్రికలో, చివరికి సమాధి రాతి మీద కూడా ఇల్లే ముందు నిలబడుతుంది. అయినా ఆ ఇంటిపేరుకు అర్థమేమిటి, అది ఎక్కడి నుంచి వచ్చింది అని ఆలోచించేవారు తక్కువ. పరిశుద్ధ గ్రంథం మాత్రం మనుషుల పేర్లను ఎంతో శ్రద్ధగా పట్టించుకుంటుంది. అందుకే ఈ వారం మనందరికీ తెలిసిన ఒక ఇంటిపేరును ధ్యానిద్దాం. అది మేడిపల్లి.

జగిత్యాల జిల్లాలో కోరుట్ల దాపున ఉన్న మండల కేంద్రం మేడిపల్లి. 2016లో కొత్త జిల్లాలు ఏర్పడక ముందు అది కరీంనగర్ జిల్లాలో ఉండేది. పేరులోనే అర్థం ఉంది. మేడిచెట్టు ఉన్న పల్లి అది. తెలంగాణలో మేడిపల్లి అనే పేరుగల ఊళ్లు ఇంకా ఉన్నాయి. హైదరాబాదు శివార్లలో కూడా ఒకటి ఉంది. చెట్టును బట్టి ఊరికి పేరు పెట్టుకోవడం మన పెద్దల అలవాటు. మామిడిపల్లి, తాటిపల్లి, చింతకుంట, మర్రిగూడ అన్నీ అలా వచ్చినవే. ఊరి పేరు నుంచి ఇంటిపేరు వచ్చింది. అది ఎంత వాడుకలో ఉందో చెప్పడానికి 2023లో చొప్పదండి నుంచి శాసనసభకు ఎన్నికైన మేడిపల్లి సత్యం గారి పేరు ఒక్కటి చాలు.

ఇక్కడ ఒక విశేషం గమనించాలి. మేడిపల్లిలోనే ఉన్నవాళ్లను మేడిపల్లి వాళ్లని ప్రత్యేకంగా పిలవాల్సిన పని ఆ ఊళ్లో ఎవరికీ ఉండదు. అక్కడ అందరూ ఆ ఊరివారే. ఒక కుటుంబం మూటాముల్లె సర్దుకుని మరో ఊరికి వెళ్లినప్పుడే అక్కడివారు వాళ్లను 'మేడిపల్లి వాళ్లు' అంటారు. కరువుకో, పనికో, పెళ్లికో తాత ఊరు విడిచి ఉంటాడు. మనవళ్లకు ఆ ఊరి దారి తెలియకపోవచ్చు. ఇంటిపేరు మాత్రం ఆ ప్రయాణాన్ని మరచిపోదు.

మన ప్రభువుకు కూడా ఇలాగే జరిగింది. సొంత ఊరు నజరేతులో జనం ఆయనను వడ్లవాని కుమారుడన్నారు, మరియ కుమారుడన్నారు (మత్తయి 13:55). నజరేతు దాటి బయటికి వచ్చాకే ఆయన 'నజరేయుడైన యేసు' అయ్యాడు. ఆ ఊరి పేరు విని నతనయేలు పెదవి విరిచాడు, అక్కడి నుంచి మంచిది ఏదైనా వస్తుందా అన్నాడు (యోహాను 1:46). మగ్దలేనే మరియ, అరిమతయియ యోసేపు, కురేనీయుడైన సీమోను, తార్సు వాడైన సౌలు, వీళ్లందరి పేర్లలో ఊళ్లే ఉన్నాయి. వీరిలో కురేనీయుడైన సీమోను ఆఫ్రికా నేల నుంచి వచ్చినవాడు. ప్రభువు సిలువను మోసినవాడు అతడే.

కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాలకు వలస కొత్త కాదు. సిరిసిల్ల నేతన్నలు భివండీకి, సూరత్‌కు వెళ్లారు. ఇక్కడి పల్లెల నుంచి ఎన్నో కుటుంబాల బిడ్డలు గల్ఫ్ దేశాలకు వెళ్లారు. పాస్‌పోర్టు కాగితంలో ఇంటిపేరు గడి నింపేటప్పుడు, అంతవరకు 'ఎం.' అనే ఒక్క అక్షరంగా ఉన్న మేడిపల్లి పూర్తిగా బయటికి వస్తుంది. ఆ దేశాల్లోని సంఘ ఆరాధనల్లో తెలుగు విశ్వాసులతో పాటు నైజీరియా విశ్వాసులు కూడా కనిపిస్తారు. వారిలో చాలామంది యోరుబా జాతివారు. వారి పేర్లు వింటే మనకు వింతగా ఉంటుంది గాని, అర్థం తెలిస్తే దగ్గరితనం కలుగుతుంది.

అడెయెమి అనేది యోరుబావారిలో బాగా వాడుకలో ఉన్న ఇంటిపేరు. 'అడె' అంటే కిరీటం. కిరీటం నాకు తగినది అని ఆ పేరుకు అర్థం. బాబాతుందే అంటే తండ్రి తిరిగి వచ్చాడని. తాత పోయిన తరువాత పుట్టిన మగబిడ్డకు ఆ పేరు పెడతారు. ఒలువసేయున్ అంటే ప్రభువా, నీకు స్తోత్రం అని. పూర్వం వారికి తరతరాలకూ ఒకే ఇంటిపేరు ఉండే పద్ధతి లేదు. మిషన్ బడులు, సర్కారు రికార్డులు వచ్చాక తండ్రి పేరే పిల్లల ఇంటిపేరుగా స్థిరపడింది. సువార్త అందుకున్నాక కొన్ని కుటుంబాలవారు పేరులోని 'ఇఫా' అనే పాత దైవం మాటను తీసివేసి, ఆ స్థానంలో యేసు నామాన్నో, దేవుడనే అర్థమిచ్చే మాటనో పెట్టుకున్నారు. మన సంఘాల్లో దేవదాసు, ఏసుదాసు, దేవసహాయం అనే పేర్లు వచ్చినట్టే ఇది కూడా. బిడ్డకు ఎనిమిదో రోజున పేరు పెట్టడం యోరుబావారి ఆచారం. జెకర్యా ఇంట యోహానుకు పేరు పెట్టింది కూడా ఎనిమిదో దినమే (లూకా 1:59).

ఆ జాతిలో పుట్టిన అజాయి అనే బాలుడు 1821లో బానిసల వర్తకుల చేతికి చిక్కాడు. మరుసటి ఏడు బ్రిటిష్ నౌకాదళం అతన్ని విడిపించింది. 1825లో బాప్తిస్మం పొంది సామ్యూల్ క్రౌథర్ అయ్యాడు. అయినా తల్లిదండ్రులు పెట్టిన అజాయి పేరును వదలలేదు. 1864లో ఆఫ్రికావారిలో తొలి ఆంగ్లికన్ బిషప్పుగా అభిషేకం పొందాడు. యోరుబా బైబిలు అనువాదానికి సారథ్యం వహించాడు. మన దేశంలో అలాంటి తొలి బిషప్పు వేదనాయగం సామ్యూల్ అజరయ్య గారు. 1912లో అభిషేకం పొంది మన దోర్నకల్‌లోనే సేవ చేశారు. 'వేదనాయగం' ఆయన తండ్రి పేరు. ఈ ఇద్దరూ కొత్త పేరును సంతోషంగా అందుకున్నారు, పుట్టిన ఇంటిని మరువలేదు.

మరి మన సంఘాల్లో ఇంటిపేరును దేనికి వాడుతున్నాం? కొత్త కుటుంబం గుడికి వస్తే ముందు ఊరు అడుగుతాం, తరువాత ఇంటిపేరు అడుగుతాం. పలకరింపుకైతే మంచిదే. కులం కనిపెట్టడానికైతే అది పలకరింపు కాదు, పరీక్ష. నిజానికి ఊరి పేరు నుంచి వచ్చిన ఇంటిపేరు ఏ ఒక్క కులానిదీ కాదు. ఆ ఊరు విడిచిన ఎవరికైనా అది అంటుకుంటుంది. అందుకే అడిగేవారు అక్కడితో ఆగరు. "ఏ మేడిపల్లి? ఎవరోళ్లు?" అని ఇంకా తవ్వుతారు. ప్రభు బల్ల దగ్గర ఒకే రొట్టెలో పాలు పంచుకున్నవాళ్లు పిల్ల పెళ్లి మాట వచ్చేసరికి ఈ తవ్వకం మొదలుపెట్టడం ఎంత బాధాకరం!

ఈ భయం వల్ల రెండు పేర్లతో బతికే కుటుంబాలు కూడా ఉన్నాయి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా హిందువులకే ఉండేది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందులో చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. క్రైస్తవులైన దళితులను మన రెండు తెలుగు రాష్ట్రాల్లో బీసీ-సి వర్గంలో ఉంచారు. కాబట్టి సర్టిఫికెట్‌లో ఒక పేరు, బాప్తిస్మపు పుస్తకంలో ఒక పేరు. వారిని వేలెత్తి చూపడం తేలిక. బయట ఆ బరువు మోస్తున్నవారికి గుడిలో కూడా అదే బరువు ఎత్తుతున్నామా అని ముందు మనల్ని మనం ప్రశ్నించుకోవాలి.

ఇప్పుడు మేడిచెట్టు దగ్గరికి వద్దాం. మన తెలుగు బైబిలులో ఆ చెట్టు కింద ఇద్దరు కనిపిస్తారు. ఒకడు తెకోవ వాడైన ఆమోసు. తాను ప్రవక్తల వంశం వాడిని కానని, పసులు కాచుకుంటూ మేడిపండ్లు ఏరుకునేవాడినని దాపరికం లేకుండా చెప్పుకున్నాడు (ఆమోసు 7:14). దేవుడు అతని ఇంటి గొప్పను చూడలేదు, పిలిచి పంపాడు.

రెండోవాడు యెరికోలోని జక్కయ్య. యేసును చూడాలని మేడిచెట్టు ఎక్కాడు. అది మన మేడికి దగ్గరి చుట్టం, దాని పండ్లు కూడా గుత్తులుగా కాస్తాయి. ఊరంతా అతనికి పెట్టిన పేరు ఒక్కటే, పాపి. ప్రభువు ఆ పేరుతో పిలవలేదు. నీవు ఎవరి బిడ్డవని అడగలేదు. చెట్టు కింద నిలబడి సొంత పేరుతో పిలిచాడు, అతని ఇంటనే దిగాడు. ఆ ఇంటికి రక్షణ వచ్చిందని ప్రకటించి, ఇతడు కూడా అబ్రాహాము కుమారుడే అన్నాడు (లూకా 19:9). ఊరు వెలివేసినవాడికి అలా వంశం దొరికింది. జక్కయ్య కూడా ఊరకే ఉండలేదు. ఆస్తిలో సగం బీదలకిస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు.

పరలోకంలోను భూమి మీదను ఉన్న ప్రతి కుటుంబం ఏ తండ్రిని బట్టి పిలువబడుతున్నదో ఆ తండ్రి ఎదుట పౌలు మోకాళ్లూనాడు (ఎఫెసీ 3:14, 15). మేడిపల్లి వారైనా, అడెయెమి వారైనా ఆ తండ్రి ఇంటివారే. రేపు ఆదివారం కొత్త కుటుంబం గుడి మెట్లెక్కినప్పుడు ముందు వారి సొంత పేరు అడిగి, ఆ పేరుతోనే పిలుద్దాం. వీలైతే మధ్యాహ్నం భోజనానికి మన ఇంటికి తీసుకువెళ్దాం.